గాట్లు పెట్టిన రింగు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. సూళ్లూరుపేటలో నేను డిజైన్ పని చేసే చిన్న యూనిట్‌లో ఆ సంగతి గేటు దగ్గర వాచ్‌మన్‌కు కూడా తెలుసు.

అక్కడ మేం సిరామిక్ రింగులు చేస్తాం. మట్టితో కాదు, తేనెలా జారే పాలిమర్‌తో. కరెంటు పారేందుకు అందులో కంటికి ఆనని కార్బన్ పొడి కలుపుతాం. ప్రింటర్ దాన్ని వెలుతురుతో గట్టిపరుస్తూ పొర మీద పొర వేసి రింగు చేస్తుంది. గాలి తగలకుండా ఫర్నేస్‌లో వేయి డిగ్రీల దాకా కాలిస్తే కొంత ఆవిరై పోయి, మిగిలింది సిరామిక్ అవుతుంది. రాకెట్ ఇంజన్ మంట పక్కనే కూర్చుని వేడి ఎంతుందో చెప్పగలిగే రింగు అది.

సన్నవి బాగానే వచ్చాయి. మందంగా చేసినవి మాత్రం వరసగా నాలుగు పగిలాయి. నాలుగోది చూశాక మేనేజర్ ఎదుటే ఫర్నేస్ చూసే అన్న మీద విరుచుకుపడ్డాను. వేడి తొందరగా పెంచుతున్నాడన్నాను. ఆయన పులికాట్ సరస్సు ఒడ్డున చేపలు పట్టే పల్లె మనిషి, నాకంటే ఇరవై ఏళ్లు పెద్ద. వంగి పగిలిన ముక్కలు ఏరుకున్నాడు. ఇంకొక్కటి పగిలితే ఫర్నేస్‌కు వేరే మనిషిని చూస్తానన్నాడు మేనేజర్.

సాయంత్రం అన్న ఆ ముక్కలు తెచ్చి నా టేబుల్ మీద పెట్టాడు.

"మేడమ్, మందం చేపకి గాట్లు పెట్టకుండా ఎండేస్తే పైన గట్టిపడతాది, లోపల కుళ్లి ఉబ్బుతాది. దీని లోపలా ఆవిరుండాది గదా. అది పోయేదానికి దోవేదీ?"

"ఇది చేప కాదన్నా" అన్నాను విసురుగా.

ఆయన వెళ్లిపోయాక ముక్కలు తిప్పి చూశాను. ప్రతి పగులూ రింగు గోడ నడిమధ్యలోనే మొదలైంది, ఆవిరి ఇరుక్కునే చోటే. ఫర్నేస్ రికార్డు తీశాను. నేను రాసిచ్చిన వేడికి ఆయన ఒక్క డిగ్రీ కూడా తప్పలేదు. ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది నా పని. నెల్లూరు అవతల సంగం వైపు వరి పండించే ఇంట్లో పుట్టినదాన్ని, చేప కూరలో తప్ప నాకు తెలియదు. సిగ్గేసింది. ఆయన ఉద్యోగం నా నోటి దురుసుతో పోయేలా ఉంది.

ఆ రాత్రే డిజైన్ మార్చి, గోడ పొడుగునా సన్నటి గాట్లు పెట్టాను. అచ్చు పోసే పనైతే తలనొప్పే గానీ, ప్రింటర్‌కు అదేం లెక్క కాదు.

మూడో రోజు అన్నతో కలిసి ఫర్నేస్ తెరిచాను. రింగు ఎప్పట్లాగే పావు వంతు కుంచించుకుపోయింది, నల్లగా, నున్నగా, ఎక్కడా బీటలేదు. అన్న గోటితో మీటితే ఖంగుమంది. వైర్లు తగిలించి వేడి పెడితే మీటరు కదిలింది. గర్వంతో కళ్లు చెమర్చాయి, దాచుకోలేదు.

రింగులు ఆర్డరిచ్చిన కంపెనీ నుంచి చూడ్డానికి వచ్చిన పెద్దలు, "ఈ గాట్ల ఆలోచన మీదేనా అమ్మా?" అని అడిగారు. మేనేజర్ అప్పటికే అవునన్నట్టు తల ఊపుతున్నాడు.

"కాదండీ, ఈ అన్నది. ముందు పగిలినవాటి తప్పు నాది" అన్నాను, అందరికీ వినపడేలా.

అన్న రింగు అందుకుని, అటూ ఇటూ తిప్పి, "గాట్లు ఇంత దూరం దూరంగానా మేడమ్? ఇట్టా కోస్తే మా ఇంట్లో ఆడోళ్లు ఊరుకోరు" అన్నాడు.

తర్వాతి రింగుకు గాట్లు ఎక్కడెక్కడ రావాలో నా కంప్యూటర్ ముందు కూర్చుని ఆయనే వేలు పెట్టి చూపించాడు. నేను నోరు మూసుకుని గీశాను.