సముద్రపు ఇసకతో కట్టిన స్నానాలగది

బడిలో ఏడో తరగతి దాటలేదు గానీ, తాపీపని మాత్రం ఫోన్లో వీడియోలు చూసి నేర్చేసుకున్నాను. ఆ వీడియోల్లో ఇసక కుప్ప చూపిస్తారు, అది ఎక్కడి ఇసకో చెప్పరు. మాది సముద్రం ఒడ్డు. గుమ్మం దిగితే ఇసకే. కూరలో ఇసక, పక్కమీద ఇసక, వేటకెళ్లొచ్చినవాడి చెవిలో ఇసక. ఇంత ఇసక ఇంటిముందు పెట్టుకుని నది దగ్గర్నించి ట్రాక్టరు తెప్పించుకునేవాళ్లని చూసి నవ్వేవాణ్ణి. పెరట్లో మా ఆవిడకి స్నానాలగది కట్టినప్పుడు ఆ నవ్వంతా సిమెంట్లో కలిపేశాను.

నాలుగు గోడలు లేచాయి. రెండు గోడల మీద అడ్డంగా రెండు తాటిదూలాలు, వాటి మీద నల్లటి నీళ్లట్యాంకు. తలుపు లోపలికి తెరుచుకునేలా పెట్టాను. పొట్టిగా కోసెయ్యడంతో పైన ఖాళీ మిగిలింది. అది మూసేద్దామని పైకెత్తి బిగిస్తే, కింద పిల్లి దూరేంత ఖాళీ వచ్చింది, పైన గుమ్మానికి పట్టేసింది. తియ్యాలంటే లోపల్నించి గోడకి కాలు తన్నిపెట్టి లాగాలి.

"బోటు లాగినట్టు లాగతన్నాను మావా" అనేది మా ఆవిడ.

"బలమొస్తాది, లాగు" అనేవాణ్ణి.

ఒక వానాకాలం గడిచింది. ఆ తరవాత ఒకరోజు పొద్దున్న, చేపల బేరం ముగించుకొచ్చి ఆవిడ నీళ్లు పోసుకోడానికి లోపలికెళ్లింది. నేను మోటారు వేసి, పెరట్లో వల బాగుచేసుకుంటున్నాను. జరజరమని ఏదో రాలింది. ఎలకనుకున్నాను. మళ్లీ రాలింది. లేచి చూస్తే, దూలం కింది ఇటుకల మధ్య సిమెంటు ఇసకై జారిపోతోంది. దూలం ఆనిన చోట వేలు దూరేంత పగులు. పైన ట్యాంకు నిండుగా ఉంది. దాని కింద మా ఆవిడ ఉంది.

మోటారు ఆపేశాను. తలుపు దాకా వెళ్లి కూడా చెయ్యి వెయ్యలేదు. నేను తోసినా, ఆవిడ లాగినా గోడ కదులుతుంది. గోడ కదిలితే ఇంకేం మిగలదు.

"ఒసే, తలుపు ముట్టుకోకు."

"ఏటి?"

"ముట్టుకోకు. కుళాయి మొత్తం తిప్పేసి, తలుపు పక్క మూలకొచ్చి నిలబడు."

"నీళ్లు దండగ కదా. నిన్ననే కదా మోటారు ఎక్కువ ఏత్తన్నానని నన్ను తిట్టినావు."

"ఈరోజు తిట్టను. తిప్పు."

నా గొంతు ఎలా వినపడిందో, వెంటనే తిప్పేసింది. మూలకొచ్చాక, "మావా, గోడ పగిలినాది" అంది నెమ్మదిగా.

"సూసినాను. బట్టలేసుకుని అక్కడే ఉండు."

పక్కింట్లో ఉండే బావని, అంటే ఆవిడ అన్నని, పరిగెత్తి పిలుచుకొచ్చాను. ఆయన పగులు చూశాడు. నన్ను తిట్టడం తరవాతకి దాచుకున్నాడు. ఒడ్డుకి తెచ్చిన బోటు ఒరిగిపోకుండా పక్కన దుంగలు ఆనిస్తాం. ఇద్దరికీ అదే తట్టింది. సరుగుడు బాదులు, అంటే పొడుగాటి గుంజలు, రెండు తెచ్చాం. ఇసకలో దిగబడకుండా కింద పలకలు వేసి, పగిలిన గోడ బయటికి పొడుచుకొచ్చిన దూలాల కొనల కింద నిలబెట్టాం. సందుల్లో చెక్కముక్కలు అరచేత్తోనే నొక్కాం. సుత్తి ఎత్తే ధైర్యం లేదు.

"బావా, నిలబడతాదంటావా?"

"నీ గోడ కంటే నిలబడతాది."

చెరో బాదుకీ భుజం ఆనించి నిలబడ్డాం. లోపల కుళాయి కారుతోంది. నా మెడ మీద ఇసక రాలుతోంది. ధార సన్నబడి ఆగిపోయేదాకా భుజాలు తియ్యలేదు.

అప్పుడు తలుపు కింది ఖాళీలోంచి స్క్రూడ్రైవరు లోపలికి తోశాను. తలుపుని గుమ్మానికి పట్టే బందులన్నీ లోపలివైపే ఉన్నాయి.

"మెల్లిగా విప్పు."

"నువ్వు బిగించినవే కదా. సగం సేత్తోనే వత్తన్నాయి."

ఆఖరి బందు ఊడగానే తలుపు కిందికి జారి, పైన పట్టు వదిలింది. పొట్టిగా కోసిన తలుపు ఆ ఒక్కరోజు పనికొచ్చింది. ఆవిడ తలుపు పక్కకి ఒరిగించి, బయటికి అడుగేసి, నావైపు చూడకుండా గోడని గోటితో గీరి నాలిక మీద వేసుకుంది. చిన్నప్పట్నించీ చేపలకి ఉప్పు పట్టించిన మనిషి.

"ఎండుసేపకి నేను కూడా ఇంత ఉప్పెయ్యను" అంది.

ట్యాంకు దించి గోడలు పడగొట్టాం. గునపానికి పెద్ద పని పడలేదు. ఈసారి వంశధార నది ఇసక తెప్పించాను. ఆవిడ కుప్ప పక్కన పీట వేసుక్కూచుని, ప్రతి తట్టలోంచీ చిటికెడు నోట్లో వేసుకుని, ఉమ్మేసి, "ఊఁ, కలుపు" అనేది. తలుపు బయటికి తెరుచుకునేలా పెట్టాను.

గది ఆరింది. ట్యాంకు నింపాం. నీళ్లు పోసుకోమంటే ఆవిడ పీట మీంచి లేవలేదు.

"ముందు నువ్వెల్లు."

వెళ్లాను. సబ్బు రాసుకుంటున్నానన్న మాటే గానీ చెవులు రెండూ దూలాల మీదే ఉన్నాయి. "ఉన్నావా?" అన్నాను. సగం నురగతోనే తువ్వాలు చుట్టుకుని బయటికొచ్చేశాను.

ఆవిడ గోడనే చూస్తోంది.

"అప్పుడే వచ్చీసినావేటి? ఆరోజు నేనెంతసేపు నిలబడ్డానో అంతసేపుండి రా."

వెనక్కి వెళ్లి తలుపేసుకున్నాను.