డాక్టరమ్మ మట్టి, నా పొట్ట

విమలా, చెప్పేదంత నిజమే. ఒక్క ముక్క అబద్ధమున్నా నా పెట్టుడు పళ్లు ఊడి ఈ చాయ్‌లనే పడాలె! పోయినాదివారం మనుమరాలికి పేరు తెద్దామని పోయి, కాలనీ మొత్తం ముంగట నవ్వులపాలైన.

మా మౌనిక నేచురోపతి డాక్టరు గదా. బీఎన్‌వైఎస్ అంటరు, ఐదున్నరేండ్ల సదువు! అయినా మా హనుమకొండ కాలనీల ఎవ్వరు లెక్కచేస్తలేరు. "సూది వెయ్యదు, గోలీ ఇయ్యదు, గిదేం డాక్టరు?" అనుడే. అందుకే కమ్యూనిటీ హాల్ల ఫ్రీ క్యాంపు పెట్టింది. అది మంచిగ నడిస్తేనే పక్క రూము క్లినిక్‌కు ఇస్తమని ప్రెసిడెంట్ రాజయ్య సారు షరతు పెట్టిండు.

పొట్ట మీద మట్టిపట్టి ఎట్ల వేస్తరో చూపెట్టేటందుకు ఒక మనిషి కావాలె. "నేనున్న గదనే!" అన్న. పిల్ల ముందుగాల హాల్‌కు పోయింది. నానబెట్టిన మట్టి బకెట్‌ను నేను ఆటోల తేవాలె. లేపిన. ఏనుగంత బరువు! జారి మొత్తం మురికి మోరీల పడ్డది.

ఫికర్ చెయ్యలే. మట్టి ఎక్కడిదైతేంది, దీనికి గూడ డిగ్రీ కావాల్నా అనుకున్న. పక్కింటోళ్ల వాకిట్ల ఇంత తవ్వి, నీళ్లు కలిపి పట్కపోయిన. వాళ్లు ముందురోజే ఆ జాగల ఏడాదికి సరిపడ కారం దంచిన్రని యాదికి లేకపాయె!

టేబుల్ మీద పండుకున్న. మౌనిక మట్టిని బట్టల మడిచి పొట్ట మీద పెట్టింది.

"సల్లగున్నదా అమ్మమ్మా?"

"ఐసు లెక్కున్నదే!"

జర సేపైందో లేదో, పొట్ట మీద ఎవరో మిర్చి బజ్జీలు వేస్తాన్నట్టయింది! మోకాళ్ల నొప్పికి మెట్టెక్కాలంటే మూలిగేదాన్ని, టేబుల్ మీదికెల్లి ఎగిరి ఫ్యాను రెక్క పట్టుకున్నంత పని చేసిన. హాలంత సప్పట్లు!

"సూసిన్రా మట్టి పవరు! ముసల్ది లేడిపిల్లయింది!" అనుకుంట రాజయ్య సారు అంగీ గుండీలు ఇప్పుతాండు. "ముందుగాల నాకెయ్యి డాక్టరమ్మా!"

నోరు మూసుకుంటే రూము మనదే. గని మౌనిక నా పొట్ట సూసింది, మట్టి వాసన సూసింది. "ఎవ్వరు ముట్టద్దు! ఇది నా మట్టి కాదు" అని నీళ్లతోటి కడుగుడు మొదలువెట్టింది.

"పేషెంటు లేచి ఉరికింది గదమ్మా, ఇంకేం గావాలె?" అన్నడు సారు.

"అది నొప్పి తగ్గుడు కాదు సారూ, చర్మం కాలుడు. అమ్మమ్మా, ఏం చేసినవ్?"

సారు బొర్ర పొట్ట దిక్కు సూసిన. పాపమనిపించింది. మోరీ కాడికెల్లి కారం దాక అంత చెప్పిన. సారు గబగబ గుండీలు పెట్టుకున్నడు.

"మట్టిని లోతుకెల్లి తియ్యాలె, ఎండబెట్టాలె, జల్లెడ పట్టాలె. ఎవరికి వెయ్యాల్నో, ఎవరికి వెయ్యద్దో తెల్వాలె. గందుకే సారూ అన్నేండ్ల సదువు" అన్నది మౌనిక.

సారు దండం పెట్టిండు. "రూము తీస్కో డాక్టరమ్మా! గని మీ అమ్మమ్మను మాత్రం గడప తొక్కనియ్యకు!"

క్లినిక్ ఇయ్యాల్నే తెరిచిన్రు. నవ్వింది సాలు గని, విమలా, జర పోయి పొట్టకు ఏం రాయాల్నో అడిగి రా, ఇంక మండుతాంది. లైన్ల నిలబడి టోకెన్ తీస్కో. పేషెంటు ఎవరంటే నా పేరు మాత్రం చెప్పకు!