పాసు మీద పేరు

రాజారావు ముత్తంగి దగ్గర లారీ కింద పడి చనిపోయిన రెండో నెలలో, పటాన్‌చెరులోని మందుల కంపెనీ, బయటికెళ్లే సరుకు లారీలకు గేటు పాసులు తయారుచేసే అతని ఉద్యోగాన్ని భార్య కమలాకుమారికి ఇచ్చింది. 2002 నాటి మాట. కంపెనీ పెద్ద మనసుకు కూడా గడువుంటుంది కదా, ఆరు నెలలు పని చూసి, చేతనైతేనే ఖాయం చేస్తామన్నారు. ఇద్దరు పిల్లలు, సంగారెడ్డిలో కిరాయి ఇల్లు. ఈ ఉద్యోగం పోతే మరో ఆధారం లేదు. అది తెలిసినా ఆమెకు భయం వేయలేదు. అప్పటికి ఆమెకు ఏమీ అనిపించడం లేదు. బస్సెక్కమంటే ఎక్కేది, తినమంటే తినేది.

కంప్యూటర్లు చూసే యాదన్నకు రాజారావంటే ప్రాణం. ఆఫీసు లినక్స్ కంప్యూటర్‌లో ఆమె పేరుతో ఖాతా తెరిచి, అందులో ‘బిన్’ అనే డైరెక్టరీ, అంటే ఫైళ్లు దాచుకునే అర, పెట్టాడు. ఎవరి బిన్ వాళ్లదే. ఎవరికి కావలసిన కమాండ్లు వాళ్లు రాసి అందులో పెట్టుకుంటారు, పేరు కొడితే పని అయిపోతుంది. కొత్తవాళ్లకు ఖాళీగా ఇచ్చి నేర్పించడం అక్కడి పద్ధతి. యాదన్న మాత్రం జాలికొద్దీ రాజారావు బిన్‌లో ఉన్నదంతా తెచ్చి ఇందులో పోశాడు.

“అన్న రాసుకున్నయన్నీ నీ దాంట్ల వెట్టిన వదినా. ‘పాస్’ అని కొట్టు, గేటు పాసు అదే వస్తది. ఇగ పరేషాన్ గాకు.”

కొట్టింది, వచ్చింది. కింద, తయారు చేసినవారి పేరు దగ్గర రాజారావు అని అచ్చయింది. ఆమె చూసింది. చూసి, ప్రింటర్ నుంచి కాగితం చింపి, లారీ డ్రైవర్ చేతికిచ్చింది. గేటు దగ్గర వాచ్‌మన్ పోచయ్య డబ్బాలు లెక్క చూసుకునేవాడే తప్ప కిందిదాకా చదివే రకం కాదు. అలా రోజూ లారీలు వెళ్లిపోయాయి.

గడువు తీరే రోజు మేనేజర్ పాసుల కట్ట తెప్పించుకుని తిరగేశాడు.

“వీటిలో మీరు చేసిన పనేదమ్మా? అన్నీ ఆయన పేరు మీదే ఉన్నాయి. సాయంత్రంలోగా మీ పేరుతో పాసు తెచ్చి చూపించండి. లేకపోతే ఖాయం చేయమని నేను రాయలేను.”

సంగతి తెలిసి యాదన్న ఆమె బల్ల దగ్గరికి ఉరికొచ్చాడు. “గలత్ నాదే వదినా. అన్న తన పేరు ఫైల్లనే రాసిండు, నేను సూసుకోలే. జెర జరుగు, ఒక్క నిమిషంల మారుస్త.”

“నేను సూసిన. మొదటి దినమే సూసిన.”

“మరి చెప్పకపోతివేంది?”

“రోజూ ఆయన పేరు అచ్చైతుంటే డ్యూటీల ఉన్నట్టే అనిపించింది.”

కమలాకుమారి కుర్చీలోంచి లేవలేదు. ఫైలు ఎట్లా తెరవాలో అడిగి తనే తెరిచింది. ఆ పేరును చివరి నుంచి ఒక్కో అక్షరం చెరుపుతూ వచ్చింది. మొదటి అక్షరం దగ్గర వేలు ఆగిపోయింది. బయట లారీ హారన్ కొడుతూనే ఉంది. దాన్ని కూడా చెరిపి తన పేరు కొట్టింది.

పాసు మేనేజర్ బల్ల మీద పెట్టి బాత్రూంలోకి వెళ్లింది. తలుపు వేసుకుని, మొగుడు పోయాక మొదటిసారి గొంతెత్తి ఏడ్చింది.