ఇపో సందుల్లో నాచారం బేరం

మలేషియా వెళ్లి కూడా నాచారం బేరమే ఆడిన మొనగాణ్ణి నేను. కిందటేడు నా భార్య సరితతో కలిసి ఇపో చూడటానికి వెళ్లాను. కాఫీకీ, వీధి గోడల మీది బొమ్మలకీ పేరుపడ్డ ఊరది. ఒక పాత కాఫీ దుకాణంలో ముసలాయన పొడి పొట్లం ఇరవై రింగిట్లన్నాడు. నేను పదన్నాను. ఆయన నవ్వి తల అడ్డంగా ఊపాడు.

నాచారంలో మా కిరాణా కొట్టు గల్లాపెట్టె పక్కన పెరిగినవాణ్ణి. వద్దని లేచి నడిచాను. అలా వెళ్లేవాళ్లను మా నాన్న నాలుగో అడుగులోపే వెనక్కి పిలిచేవాడు. ఇక్కడ సందు మలుపు దాకా పిలుపే లేదు. అక్కడ గోడ మీది బొమ్మను చూస్తుంటే వెనక నుంచి "హలో! హలో!" అని కేక. ముసలాయన పరుగెత్తుకొస్తున్నాడు.

"జర ఆగుండ్రి, పిలుస్తుండు," అంది సరిత.

"ఎనకకు సూడకు. ఇంకో పది అడుగులేస్తే ఎనిమిదికి దిగుతడు," అని వేగం పెంచాను.

రెండో సందులో ఆయన నా చొక్కా పట్టుకుని ఆపాడు. రొప్పుతూ ఒక చేతిసంచీ అందించాడు. నేను దుకాణంలో మరిచిపోయిన సంచీ! మా ఇద్దరి పాస్‌పోర్టులూ అందులోనే ఉన్నాయి. మర్నాడే తిరుగు విమానం.

"ఏస్తరా, ఇంకో పది అడుగులు?" అంది సరిత.

దుకాణానికి తిరిగొచ్చి, ఆయనకు మంచినీళ్లిచ్చి, నాలుగు పొట్లాలకు నోరెత్తకుండా ఎనభై ఇచ్చాను. ఆయన పది వెనక్కిచ్చాడు. జీవితంలో మొదటిసారి తగ్గింపు వద్దన్నాను. ఆయన మళ్లీ ఇచ్చాడు. నిజం చెప్పొద్దూ, రెండోసారి వద్దనలేదు. చివరి బిల్లు డెబ్బై.