కొసపండు తీపెక్కే దాకా

మాడితే మాడింది గానీ పచ్చిగా మాత్రం ఉండకూడదు. దూలపల్లిలో రేకుల షెడ్డు కింద కాఫీ గింజలు వేయించే నరసింహకు తెలిసిన శాస్త్రమంతా ఇదే. చికోరీ కలిపి అమ్మే పొడికి అది బాగానే సరిపోయింది. గింజ కాస్త నల్లబడిందని ఏ హోటల్‌వాడూ పొడి తిప్పి పంపలేదు. అలా ఒక మనిషి భయం పనితనంగా చెలామణీ అయిపోయింది.

ఆ భయం వెనక ఒక ద్రాక్షతోట ఉంది. లాల్‌గడి మలక్‌పేట్‌లో తండ్రి వదిలిపోయిన తోట. తొంభైల్లో శామీర్‌పేట చుట్టూ బోర్లు ఒక్కొక్కటే ఎండిపోతున్నా, ఆ తోటకు ఇంకా నీళ్లు అందేవి. కోతకు ఎప్పుడు దిగాలో చెప్పేది భార్య విజయమ్మ. గుత్తి పైన ఉన్న పండ్లు ముందే తీపెక్కుతాయి, వాటిని నమ్మకూడదు. కింద వేలాడే కొసపండు కొరికి, అది తియ్యగా ఉంటేనే ఆమె కత్తెర పట్టనిచ్చేది. ఓ మార్చి నెలలో మేడ్చల్ వైపు మబ్బులు కమ్ముకొచ్చాయి. వడగళ్లు పడితే తోటంతా పోతుందని నరసింహ కత్తెరలు బయటికి తీశాడు.

"కొసకున్న పండు ఇంక పుల్లగనే ఉంది. జర ఆగు," అంది విజయమ్మ.

"వానొస్తే మీ నాయినొచ్చి కాపాడుతడా?" అని కసిరి, కూలీలను దింపి కోయించేశాడు.

వాన పడలేదు. లారీలో పోయిన పండ్లు పుల్లగా ఉన్నాయని మార్కెట్ నుంచి తిరిగొచ్చి బర్రెల ముందు పడ్డాయి. మరుసటేడు బోరు కూడా మొహం చాటేసింది. తోట పీకేసి, భూమి ప్లాట్లవాళ్లకు అప్పగించి, మొగుడూ పెళ్లాలిద్దరూ చక్రపాణి కాఫీ షెడ్డులో పనికి కుదిరారు. ఆయన వేయించే డ్రమ్ము దగ్గర, ఆమె పుచ్చు గింజలు ఏరే బల్ల దగ్గర. ఆ కోత గురించి ఆమె ఒక్క మాట ఎత్తలేదు. ఎత్తి నాలుగు తిట్టినా బాగుండేదని నరసింహకు అనిపించేది.

రెండువేల ఆరులో కెన్యా గింజల బస్తా ఒకటి వచ్చింది. యజమాని చక్రపాణిది భీమవరం వైపు, మాట మెత్తన. చికోరీ పొడి అమ్మకం పడిపోయి షెడ్డు మూతపడేలా ఉంది. బంజారాహిల్స్‌లో కొత్తగా తెరిచే కాఫీ దుకాణం వాళ్లకు ఈ గింజ నచ్చితే అందరి పనీ నిలుస్తుంది.

"లేతగా వేగాలి నరసింహా. పులుపు తెలియాలి, కానీ మొహం ముడుచుకోకూడదు. వెనకాలే తీపి రావాలి. ఎలా చేస్తావో ఏమో మరి," అన్నాడు.

మొదటి వాయిని నరసింహ అలవాటు కొద్దీ నల్లగా దించాడు. అందులో పులుపూ లేదు, తీపీ లేదు. రెండో వాయికి చక్రపాణే పక్కన నిలబడి, గింజలు చిట్లడం మొదలవగానే దించమన్నాడు. ఆ కాఫీ ఒక గుక్క తాగిన విజయమ్మ మొహం చిట్లించింది.

"గా ఏడు కోసిన ద్రాక్ష లెక్కనే ఉంది," అంది. ఇన్నేళ్లలో ఆమె ఆ సంగతి తియ్యడం అదే మొదలు.

బస్తాలో ఇంకొక్క వాయికే గింజలు మిగిలాయి. నరసింహ ఆమె బల్ల దగ్గరికి పోయి అందరూ వింటుండగానే అడిగాడు. "నువ్వొచ్చి నా పక్కన నిలబడు. నువ్వెప్పుడంటే గప్పుడే దించుత. నీ మీద ఒట్టు."

ఆమె చేతులు దులుపుకుని లేచింది. ఇన్నాళ్లకు ఆమె మనసు కరిగిందని నరసింహ లోలోపల మురిసిపోయాడు.

డ్రమ్ము తిరుగుతుంటే గింజలు చిటపటమన్నాయి. గరిటెతో తీసిన గింజను విజయమ్మ అరచేతిలో ఊది చల్లార్చి కొరికింది. "ఇంక కాలే," అంది. కాసేపటికి ఇంకొకటి కొరికింది. ఈసారి బెల్లం పాకం లాంటి వాసన నరసింహకూ తెలిసింది. నములుతున్న ఆమె మొహం విప్పారింది.

"ఇగ కొయ్యి," అంది, తోటలో అన్నట్టే.

నరసింహ చెయ్యి డ్రమ్ము పిడి మీదే ఉంది, లాగితే చాలు, గింజలు దిగిపోతాయి. కానీ తిరిగొచ్చిన లారీ, బర్రెల ముందు పోసిన గుత్తులు ఆయన కళ్ల ముందు కదిలాయి. ఇంకా పులుపే ఉంటే?

"కొయ్యయ్యా, జల్దీ!"

"జర... ఇంక జర, పులుపుంటదేమో," అన్నాడు.

అంతలోనే పాకం వాసన పోయి, షెడ్డులో రోజూ ఉండే పొగ వాసన లేచింది. ఆయన పిడి లాగేసరికి నల్లటి గింజలు పళ్లెంలోకి జారాయి.

చక్రపాణి ఒక గుక్క తాగి గ్లాసు పక్కన పెట్టాడు. "ఇది మన పాత కాఫీయే కదయ్యా," అని బయటికెళ్లి ఎండలో నిలబడ్డాడు.

విజయమ్మ ఆ గ్లాసు తీసి కడుగుతూ అంది. "ఆనాడు ఆగుమంటే కోసినవ్. ఇయ్యాల కొయ్యిమంటే ఆగినవ్. వాన అన్నవ్, పులుపు అన్నవ్. నీకు నా మాట మీదనే నమ్మకం లేదు."



వానలు పడకముందే షెడ్డుకు తాళం పడింది. విజయమ్మ గండిమైసమ్మ దగ్గర ఒక పూలమొక్కల నర్సరీలో పనికి కుదిరింది. అక్కడ ఇంకో మనిషి కావాలన్నారట. రమ్మని ఆమె మొగుణ్ణి అడగలేదు.