తౌనో మాస్టారు గుంటలో పడిన ఇరవై ఒక్క ఉదయాలు

తౌనో మాస్టారికి ఉన్న పిచ్చి ఒక్కటే. చలికాలంలో స్పోర్ట్స్ కారు నడపడం.

ఉత్తరాది మంచు దేశంలోని ఆ సరస్సు ఒడ్డు ఊళ్లో అలాంటి కారు ఇంకెవరికైనా ఉంటే అక్టోబరులో దుప్పటి కప్పి షెడ్డులో పడుకోబెట్టి మే నెలలో లేపేవారు. మాస్టారిది తలకిందుల వ్యవహారం. ఎండాకాలమంతా సైకిలు తొక్కి, తొలి మంచు పడగానే పసుపు కారు బయటికి తీసేవారు. రెండే సీట్లు. నేలకు బెత్తెడు ఎత్తు. సున్నాకి ముప్పై డిగ్రీలు కింద ఉన్న రోజున అందులోకి ఎక్కడమంటే నూతిలోకి దిగడమే.

ఎక్కితే ఎక్కారు, దాన్ని పదిహేను రోజులకోసారి రోడ్డు పక్క గుంటలోకి దించేవారు. అదీ ఎవరు? ముప్పై ఏళ్లు ఆ చుట్టుపక్కల ఊళ్లకంతా డ్రైవింగు నేర్పిన మనిషి. నీళ్లు పోసి గడ్డకట్టించిన మైదానంలో కారును కావాలని జారించి, జారినదాన్ని దారికి తేవడం ఎలాగో చూపించడంలో ఆయన్ని మించినవాడు లేడు. "కాలు తియ్యరా, అది బ్రేకు, కుట్టుమిషను కాదు" అని ఆయన చేత అనిపించుకోకుండా ఆ ఊళ్లో ఎవరికీ లైసెన్సు రాలేదు.

ఆయన్ని బయటికి లాగడం ఆర్నో పని. ఆర్నోకి ముప్పై నాలుగేళ్లు, ఇరవై ఆవులు, ఒక ట్రాక్టరు. కుట్టుమిషను మాట అందరికంటే ఎక్కువసార్లు విన్నది తనే. పొద్దున్న పాలు పితికి లేవగానే ఫోను వచ్చేది. సరస్సు వైపు దిగే మలుపు దగ్గరికి వెళ్లి చూస్తే, మంచులో పసుపు పైకప్పు, గాల్లో ఒక చక్రం. లోపల మాస్టారు చెవులదాకా టోపీ లాక్కుని, ఫ్లాస్కు, రెండు కప్పులు, యాలకుల బన్నులు ఒళ్లో పెట్టుకుని కూర్చునేవారు.

తప్పు ఎప్పుడూ ఆయనది కాదు. ఒకసారి నక్క అడ్డమొచ్చింది. ఒకసారి కుందేలు. ఒకసారి దుప్పి, దాని వెనక దాని బంధువులు. ఓరోజు గుడ్లగూబ.

"గుడ్లగూబ ఎగురుతుంది కదా మాస్టారూ" అన్నాడు ఆర్నో.

"ఇది నడుస్తోందిరా. వయసైనట్టుంది."

తాడు కట్టబోతే వద్దనేవారు. ముందు కాఫీ తాగమనేవారు. రోడ్డు ఆఫీసుకి ఫోను చేశాననీ, ఫోటో కూడా పంపాననీ, వాళ్లొచ్చి చూశాక లాగితే పద్ధతిగా ఉంటుందనీ చెప్పేవారు. కాసేపటికి ఇసుక లారీ వచ్చేది. డ్రైవరు మాస్టారి వంక జాలిగా చూసి, తల ఊపి, చక్రాలు జారకుండా మలుపంతా ఇసుక చల్లి పోయేవాడు. ఆ తర్వాతే లాగడం.

ఊరు తీర్పు చెప్పేసింది. మాస్టారికి మతి పోయింది, పరువు అంతకుముందే పోయింది. ఆయన మాత్రం కొట్టులో అందరి ముందూ రొట్టె కొనుక్కుంటూ నక్కల సంఖ్య పెరిగిపోయిందని బాధపడేవారు.

ఫిబ్రవరిలో ఆయనకు డెబ్బై అయిదు నిండాయి. ఇకమీద లైసెన్సు ఉండాలంటే డాక్టరు కాగితం కావాలి. డాక్టరు సైమి ఆర్నోకి ఫోను చేసి, ఆయన్ని వెంటబెట్టుకు రమ్మంది. ఎన్నిసార్లు లాగావో, ఎప్పుడెప్పుడో రాసి తీసుకురమ్మంది. ఆర్నోకి మనసొప్పలేదు. కొట్టు పదిహేను కిలోమీటర్లు, బస్సు లేదు. లైసెన్సు పోతే ఆ మనిషి కిటికీ పక్క కుర్చీకి అతుక్కుపోతారు. అయితే రేపు ఎవరినైనా గుద్దితే? కొట్టంలో గోడ క్యాలెండరు మీద, లాగిన ప్రతిరోజుకీ ఒక గుర్తు పెట్టుకుంటూ వచ్చాడు. రెండు చలికాలాలవీ కాగితం మీదికి దించుకున్నాడు. ఇరవై ఒకటి.

దించుకుంటుంటే చెయ్యి ఆగింది. శనివారం ఒక్కటి లేదు. ఆదివారం లేదు. క్రిస్మస్ సెలవుల్లో లేదు. పోయినేడు మార్చిలో పిల్లల స్కీ సెలవుల వారమంతా ఖాళీ. ఆ వారం రోడ్డు అద్దంలా ఉంది, ఆర్నో తనే రెండుసార్లు జారాడు.

బడి పిల్లల టాక్సీ ఆ మలుపు దిగేది ఏడు ముప్పావుకి. మూడేళ్ల కిందట అది అక్కడే జారి, సరస్సు వైపు ముక్కు పెట్టి అడ్డంగా ఆగింది. ఎవరికీ ఏమీ కాలేదు. ఊరంతా సంతకాలు పెట్టి పంపితే, అది రోడ్ల లెక్కలో చివరి తరగతి దారి, నమోదైన ప్రమాదాలు లేవు, బండి ఇరుక్కుంటే తప్ప ఇసుక వెంటనే రాదు అని ఆఫీసు మర్యాదగా జవాబు రాసింది. ఏమీ కాకపోవడం ఆ ఆఫీసు దృష్టిలో పిల్లలు చేసిన పొరపాటు.

డాక్టరు దగ్గరికి వెళ్తూ ట్రాక్టరులో ఆర్నో అడిగేశాడు. "నక్కలు ఆదివారం బయటికి రావా మాస్టారూ?"

మాస్టారు టోపీ చెవులదాకా లాక్కున్నారు. "నాకు నడపడం రాదనే చెప్పరా. కావాలని దిగుతున్నానని ఆఫీసుకి తెలిస్తే లారీ మళ్లీ రాదు. లైసెన్సు ఒక్కడిది. టాక్సీలో తొమ్మిదిమంది."

"లైసెన్సు పోయాక గుంటలోకి ఎవరు దిగుతారు?"

దానికి మాస్టారి దగ్గర ఏ జంతువూ లేకపోయింది.

డాక్టరు నాడి చూసింది, మోకాలి మీద కొట్టింది, లెక్కలు అడిగింది. అన్నీ బాగున్నాయి. "మరి చూపే తగ్గిందేమో" అంది. "ఒకే గుంట అన్నిసార్లు కనిపించలేదంటే నేను సంతకం పెట్టలేను."

మాస్టారు అప్పటిదాకా అనుకున్నట్టే బుద్ధిగా కూర్చున్నారు. ఆ మాటతో వెన్ను నిటారైంది.

"కనిపించకపోవడమేంటమ్మా? పైన్ చెట్టుకి జానెడు ఇవతల, మెత్తటి మంచులోకి, ఒక్క గీత పడకుండా దించాను. ఒక్కసారి తప్పానేమో వీణ్ణి అడుగు."

మాట జారిపోయింది. మాస్టారు టోపీ తీసి చేతిలో నలపడం మొదలుపెట్టారు. ఆర్నో జేబులోంచి కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. సైమి తేదీలు చదివింది. గోడ మీది క్యాలెండరు వైపు తిరిగి మళ్లీ చదివింది. ఆమె కొడుకు రెండో తరగతి. ఆ టాక్సీలోనే వెళ్తాడు.

ఆమె పెన్ను తీసింది. సంతకం పెట్టి, ముద్ర వేసి, లైసెన్సు కాగితం మాస్టారి చేతికిచ్చింది.

"గురువారం వాన పడి గడ్డకడుతుందట" అంది. "ఎప్పుడూ మీరే ఎందుకు? ఈసారి నేను దిగుతాను. ఎలాగో నేర్పండి."

మాస్టారు లేచి కిటికీలోంచి ఆమె పెద్ద జీపు వంక చూశారు. పైనుంచి కిందకి, కిందనుంచి పైకి, శిష్యురాలి దోషం వెతికే గురువులా చూశారు.

"అది కుదరదమ్మా" అన్నారు చివరికి. "నీ బండి ఎత్తు. గుంటలో పడ్డా నిలబడ్డట్టే ఉంటుంది. ఫోటో చూసి ఎవడూ జాలిపడడు. ఈ పనికి స్పోర్ట్స్ కారే ఉండాలి."