చింపమన్న పేజీ

మొన్న మా మనవరాలు బడిలో వలసల మీద రాయమన్నారని, ఫోన్లో చూసి పది నిమిషాల్లో నాలుగు పేజీలు దింపేసింది. ఊళ్లున్నాయి, సంవత్సరాలున్నాయి, మనిషి మాత్రం ఒక్కడూ లేడు. నాకు ఒళ్లు మండింది. చాదస్తం అనుకున్నా సరే, ఆ పాఠం నేనెలా చెప్పానో మన తరం వాళ్లకైనా చెప్పి తీరతాను.

బెంగాల్లోని ఈ ఖరగ్‌పూర్ తెలుగు బడిలో నేను చరిత్ర చెప్పే రోజుల్లో, శ్రీకాకుళం వైపు నుంచి రైలెక్కి ఇక్కడి రైల్వే వర్క్‌షాపు పనికి వచ్చిన మన తాతముత్తాతల గురించి పుస్తకంలో ఒక్క ముక్క ఉండేది కాదు. లేకపోతే పోనీ, మీరే ఆ ముత్తాత అనుకుని ఆయన డైరీ రాయండని పిల్లలకు చెప్పాను. సిలబస్‌లో లేనిది ఎందుకని హెడ్మాస్టరుగారు గొణిగితే విననట్టే ఊరుకున్నాను.

రైల్వే క్వార్టర్లుండే ట్రాఫిక్ కాలనీ అమ్మాయి ఒకతె, ఇంట్లో పెద్దలు గుసగుసలాడుకున్నది విని, పని ఖాయమైన అన్న జ్వరంతో పోతే అతని కాగితం పట్టుకుని తాను వచ్చాననీ, హాజరు పిలిచినప్పుడల్లా చచ్చిపోయిన అన్న పేరుకే పలికాననీ ముత్తాత మాటగా రాసింది. మర్నాడే వాళ్ల నాన్న వచ్చి, మా తాతను దొంగను చేశారు, ఆ పేజీ చింపకపోతే పిల్లను బడి మాన్పిస్తానన్నాడు. హెడ్మాస్టరుగారూ చింపెయ్యమన్నారు. పిల్ల చదువు పోతుందేమోనని భయపడ్డాను, అయినా నోట్‌బుక్ చేతిలోంచి వదల్లేదు.

మూడో రోజు ఆ ముత్తాత భార్య, తొంభై దాటిన మామ్మ, మునిమనవరాలి భుజం పట్టుకుని బడికి వచ్చింది. వెనకే పిల్ల తండ్రీ వచ్చాడు. మొగుడి పేరు పలకకూడదన్న పాతకాలపు పట్టింపు మనిషి కావడంతో, ఆయన పెట్టుకున్న అన్న పేరు గాని ఆయన అసలు పేరు గాని ఆమె నోట ఎవరూ ఎన్నడూ విన్నది లేదు.

"నా పెనిమిటి అసలు పేరు రాములు. దొంగ కాడు, కొలిమికాడ సేతులు కాల్సుకున్నోడు. పిల్ల రాసిందాన్ని సింపకండమ్మా."

పిల్ల తండ్రి మామ్మ చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకెళ్లాడు. పిల్ల బడి మానలేదు.

ఇప్పుడా బడిలో తెలుగు చదివేవాళ్లు వేళ్ల మీద లెక్కకు వచ్చారు. ఆ ఇంటి పిల్లలకూ ఆ పేజీ చదవడం రాదట, హిందీలో రాసి ఉంటే బాగుండేదంటున్నారట. వింటే మనసు చివుక్కుమంటుంది. రాకపోతే నా దగ్గరికి రమ్మనండి, నేర్పడానికి నాకింకా ఓపిక ఉంది. మొదటి రోజు అఆలు కాదు, రాములు అని రాయిస్తాను.